నేవీలో పైలట్‌గా చేరితే అడ్మిరల్ దాకా వెళ్లే దారి ఎలా ఉంటుంది?

విశాఖ_తీరం:
మా మేనల్లుడు బీటెక్ మూడో ఏడు. నేవీ పైలట్ కావాలని పట్టుదలగా ఉన్నాడు. చేరాక రిటైరయ్యేదాకా విమానమే నడుపుతారా? పైలట్లకు పెద్ద ర్యాంకులు రావని ఒకరంటున్నారు, నిజమేనా? కొన్నేళ్లకే పరిమితమైన షార్ట్ సర్వీసుకీ, రిటైరయ్యేదాకా ఉండే పర్మనెంట్ కమిషన్‌కీ ఈ విషయంలో తేడా ఎంత?

రోటర్‌బ్లేడ్:
పైలట్లకు పెద్ద ర్యాంకులు రావన్నది తప్పండీ. అయితే ఎగరడం ఒక్కదానితోనే అవి రావు.

2 ఏళ్ల సర్వీసుకు లెఫ్టినెంట్, 6కి లెఫ్టినెంట్ కమాండర్, 13కి కమాండర్. ఇంతవరకు సర్వీసు కాలం లెక్కే. వడపోత కెప్టెన్ దగ్గర మొదలవుతుంది, అది సెలక్షన్ బోర్డు చేతిలో ఉంటుంది. ఎంపిక కానివారికి 26 ఏళ్లకు సర్వీసు కాలం లెక్కన టైమ్ స్కేల్ కెప్టెన్ ఇస్తారు. పేరు అదే గానీ అక్కడి నుంచి పైకి దారి దాదాపు మూసుకుపోయినట్టే.

బోర్డు చూసేది ఏమిటంటే, ఏటేటా వచ్చే కాన్ఫిడెన్షియల్ రిపోర్టులు, కమాండ్ చేసిన అనుభవం. పర్మనెంట్ కమిషన్ పైలట్ ముందు ఓడ మీద బ్రిడ్జ్ వాచ్‌కీపింగ్ టికెట్ (ఓడ నడిపే డ్యూటీకి అర్హత) సంపాదించి, ఆ తర్వాత దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో ఎగరడం నేర్చుకునేది ఇందుకే. స్క్వాడ్రన్ (విమానాల దళం) కమాండ్ గొప్ప మెట్టే, కానీ ఓడ కమాండ్ కూడా ఉన్నవాడి ఫైలే బోర్డు ముందు గట్టిగా నిలుస్తుంది. అడ్మిరల్ కరంబీర్ సింగ్ సర్వీసు చూడండి. 1980లో కమిషన్, చేతక్, కామోవ్ హెలికాప్టర్లు. మధ్యలో కోస్ట్ గార్డ్ ఓడ చాంద్‌బీబీ, తర్వాత విజయదుర్గ్, రాణా, ఢిల్లీ యుద్ధనౌకల కమాండ్. 2017లో మన విశాఖలోనే తూర్పు నౌకాదళాధిపతి, 2019 మే 31న నౌకాదళ ప్రధానాధికారి. హెలికాప్టర్ పైలట్ ఆ కుర్చీలో కూర్చోవడం అదే మొదటిసారి.

చాలామంది చిక్కుకునేది కాలం దగ్గరే. ఇన్‌స్ట్రక్టర్ కోర్సు, స్క్వాడ్రన్, ఓడ పోస్టింగు, వెల్లింగ్టన్ స్టాఫ్ కాలేజీ, అన్నీ కెప్టెన్ బోర్డుకు ముందున్న పది పన్నెండేళ్లలోనే సర్దుకోవాలి. ఎగరడం మీద మక్కువతో ఓడ పోస్టింగు వాయిదా పడితే ఫ్లయింగ్ గంటలు పెరుగుతాయి, కెప్టెన్ బోర్డు నాటికి సముద్ర అనుభవం మాత్రం పలచబడి ఉంటుంది.

కెప్టెన్ దాటాక కాక్‌పిట్‌లో గడిపే సమయం బాగా తగ్గిపోతుంది. ఎయిర్ స్టేషన్ కమాండ్, ప్రధాన కార్యాలయం పనులు, ఆపైన గోవాలో రియర్ అడ్మిరల్ హోదాలో ఫ్లాగ్ ఆఫీసర్ నేవల్ ఏవియేషన్.

సోనోబాయ్:
పైవారు చెప్పింది పర్మనెంట్ కమిషన్ దారి. షార్ట్ సర్వీసులో పొడిగింపులతో కలిపి 14 ఏళ్ల వరకే. అంటే కమాండర్ అయ్యేసరికే గడువు దగ్గరపడుతుంది. పర్మనెంట్ కమిషన్‌కు హామీ ఉండదు. ఆశయం ఫ్లాగ్ ర్యాంకైతే (రియర్ అడ్మిరల్, ఆపైన) ఈ దారి సరిపోదు, ఎగరడమే ఆశయమైతే ఇది చక్కని దారి.

అబ్జర్వర్ (ఇప్పుడు నోటిఫికేషన్లలో నేవల్ ఎయిర్ ఆపరేషన్స్ ఆఫీసర్ అంటున్నారు) ఎంట్రీని కూడా చిన్నచూపు చూడొద్దండీ. అరక్కోణంలోని పీ-8ఐ లాంటి సముద్ర గస్తీ విమానంలో సోనోబాయ్‌లు (నీటి అడుగు శబ్దాలు పట్టే పరికరాలు) ఎక్కడ వదలాలి, జలాంతర్గామి ఎటు మళ్లింది అని లెక్క కట్టి వేట నడిపేది అబ్జర్వర్లే. స్క్వాడ్రన్ కమాండ్ వాళ్లకూ దక్కుతుంది.

విశాఖ_తీరం:
ఇద్దరికీ ధన్యవాదాలు. మావాడు ఇప్పుడు దేని మీద దృష్టి పెట్టాలి?

రోటర్‌బ్లేడ్:
ముందు మార్కులు చూసుకోమనండి. షార్ట్ సర్వీస్ పైలట్ నోటిఫికేషన్లలో సాధారణంగా బీటెక్‌లో 60 శాతం, పది, ఇంటర్‌లో 60 శాతం, ఇంగ్లిష్‌లో కూడా 60 అడుగుతారు. తర్వాత టేపు పెట్టి కాళ్ల పొడవు, కూర్చున్న ఎత్తు కొలిపించండి. కాక్‌పిట్‌కు సరిపడకపోతే మిగతావన్నీ బాగున్నా మెడికల్‌లో ఆగిపోతుంది.

అన్నిటికన్నా ముఖ్యం పైలట్ ఆప్టిట్యూడ్ పరీక్ష, సీపీఎస్ఎస్. ఒక్కసారి తప్పితే జీవితంలో మళ్లీ రాయనివ్వరు. ఎయిర్‌ఫోర్స్ తరఫున వెళ్లి తప్పినా నేవీకి అదే లెక్క. 'ఊరికే ఒకసారి చూసొద్దాం' అని మాత్రం వెళ్లనివ్వకండి. డయల్ రీడింగులు వేగంగా చదవడం, కళ్లూ చేతులూ కాళ్లూ ఒకేసారి సమన్వయంగా ఆడించడం కొన్ని నెలలు సాధన చేశాకే పంపండి.