పాప కథ బాగా చెబుతుంది, రాయమంటే ఆగిపోతోంది. ఏం చేయాలి?

మాది కరీంనగర్. మా పాపకు ఎనిమిదేళ్లు, మూడో తరగతి. రాత్రి పక్క మీద వాలగానే కథలు మొదలుపెడుతుంది. మొన్న మా అత్తమ్మ చాటలో ఎండబెట్టిన పల్లీలను జామచెట్టు మీది ఉడుత ఎత్తుకుపోయి, తన పిల్ల పుట్టినరోజుకు పంచిన కథ చెప్పింది. ఎంత నవ్వామో! పొద్దున అదే రాయమంటే నోట్‌బుక్‌లో ఉన్నది ఇంతే: "అనగనగా ఒక ఉడుత. అది చాలా మంచిది. కథ కంచికి, మనం ఇంటికి."

వత్తులంటే భయమేమో. 'ఎత్తుకుపోయింది' దగ్గర మూడుసార్లు రబ్బరుతో చెరిపితే పేజీ చిరిగింది. ఏడుపొక్కటే తక్కువ.

ఒక్కటి మాత్రం పనిచేసింది. ఏడు చేపల కథలో "చేపా చేపా ఎందుకు ఎండలేదు?" వరసను మార్చమన్నాను. "ఫోనూ ఫోనూ ఎందుకు మోగలేదు?" "చార్జర్ నన్ను పట్టించుకోలేదు." "చార్జరూ చార్జరూ ఎందుకు పట్టించుకోలేదు?" "కరెంటు రాలేదు." అలా ఎనిమిది లైన్లు తనే రాసింది! అక్కడి నుంచి సొంత కథకు ఎలా తీసుకెళ్లాలి?

తప్పులు అప్పటికప్పుడే దిద్దాలా, కథ పూర్తయ్యాకా? తను చెబుతుంటే కొన్నాళ్లు నేను రాసిపెట్టొచ్చా? ఇంకోటి, "రాజు పోయిండు" అని రాస్తుంది, అత్తమ్మ మాట అది. బడిలో "వెళ్లాడు" అనాలి. నాకైతే దిద్దడానికి చెయ్యి రావడం లేదు. ఇంట్లో పిల్లలతో కథలు రాయించినవాళ్లు దయచేసి చెప్పండి.