నిరాయుధీకరణ, ఆయుధ నియంత్రణ: ఏది ఎక్కడ రాయాలి?

గ్రూప్-1 తెలుగు మీడియంలో రాస్తున్న సభ్యురాలొకరు ఇక్కడ అడిగిన ప్రశ్న ఇది: “న్యూ స్టార్ట్ ఒప్పందాన్ని ఒకచోట ‘అణు నిరాయుధీకరణ ఒప్పందం’ అన్నారు, ఇంకోచోట ‘అణ్వాయుధ నియంత్రణ ఒప్పందం’ అన్నారు. రెండూ ఒకటేనా? పరీక్షలో ఏది రాసినా నడుస్తుందా?” (న్యూ స్టార్ట్ అంటే అణ్వస్త్రాలకు పరిమితి పెడుతూ అమెరికా, రష్యా చేసుకున్న ఒప్పందం.) కింద చాలామంది రెండూ ఒకటేనని తేల్చేశారు. నేను ఒప్పుకోలేకపోతున్నాను. కాస్త పెద్ద జవాబే అవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు మాట కట్టుబడి చూద్దాం. ఆయుధం లేనివాడు నిరాయుధుడు. అంతకుముందు అలా లేనిదాన్ని అలా చేయడాన్ని ‘-ఈకరణ’ చెబుతుంది. జాతీయీకరణ, విద్యుదీకరణ, ప్రైవేటీకరణ అన్నీ ఈ అచ్చులో పోసినవే. ఆ లెక్కన ఆయుధం ఉన్నవాడి చేతిలో ఏమీ లేకుండా చేయడమే నిరాయుధీకరణ. సగానికి తగ్గించుకోవడం, ఇంతకు మించి పెంచబోమని గీత గీసుకోవడం, పరీక్షలు ఆపడం, ఇవన్నీ మంచి పనులే. అయితే ఆ మాటలో ఇమడవు.

ఆ మాట సరిగ్గా అతికేది రసాయన ఆయుధాల విషయంలో. రసాయన ఆయుధాల నిషేధ ఒప్పందంపై 1993 జనవరిలో పారిస్‌లో సంతకాలు మొదలయ్యాయి. 1997 ఏప్రిల్ 29న అది అమల్లోకి వచ్చింది. ఇప్పుడు 193 దేశాలు అందులో ఉన్నాయి. ఎవరి దగ్గర ఎంత నిల్వ ఉందో ప్రకటించాలి, హేగ్‌లోని సంస్థ పంపే తనిఖీదారుల ఎదుట దాన్ని ధ్వంసం చేయాలి, మళ్లీ తయారు చేయకూడదు. మన దేశం కూడా తన దగ్గర నిల్వలున్నాయని 1997లో ప్రకటించి, 2009 నాటికి మొత్తం ధ్వంసం చేసింది. రష్యా 2017లో పూర్తి చేసింది. అమెరికా సరీన్ అనే విషవాయువు నింపిన తన చివరి రాకెట్‌ను 2023 జులైలో కెంటకీలోని బ్లూ గ్రాస్ డిపోలో నాశనం చేసింది. అన్ని దేశాలూ ప్రకటించిన 72 వేల టన్నులకు పైబడిన విషం అలా పోయింది. 2013లో ఈ ఒప్పందంలో చేరిన సిరియా ఆ తర్వాత కూడా సరీన్ వాడిందని అంతర్జాతీయ విచారణలో తేలింది, ఆ మచ్చ ఉంది. అయినా ఒక జాతి ఆయుధాన్ని, ప్రకటించిన మేరకు, చివరి గుండు దాకా లేకుండా చేశారంటే దాన్ని నిరాయుధీకరణ అని ధైర్యంగా రాయొచ్చు. దక్షిణాఫ్రికా తను తయారు చేసుకున్న ఆరు అణుబాంబులను తనే విప్పేసి, 1991లో అణ్వస్త్ర వ్యాప్తి నిరోధ ఒప్పందం (ఎన్‌పీటీ)లో చేరిందే, అదీ నిరాయుధీకరణే.

ఇక న్యూ స్టార్ట్. 2010 ఏప్రిల్ 8న ప్రాగ్‌లో ఒబామా, మెద్వెదేవ్ సంతకాలు చేశారు. మోహరించిన వ్యూహాత్మక వార్‌హెడ్లు, అంటే దూరదేశాన్ని కొట్టే అణుబాంబులు, ఒక్కో దేశానికి 1,550 మించకూడదన్నారు. వాటిని మోసుకెళ్లే క్షిపణులు, బాంబర్లు మోహరించినవి 700 మించకూడదన్నారు. 1,550 అణ్వస్త్రాలు చేతిలో ఉన్నవాణ్ణి నిరాయుధుడని ఎలా అంటాం? అందుకే అది నియంత్రణ ఒప్పందం.

ఈ ‘నియంత్రణ’ అన్న మాట చాలామందికి చప్పగా అనిపిస్తుంది. దాని వెనక ఎంత పని ఉందో ఒక్కటి చెబుతాను. ఆ ఒప్పందం కింద ఏడాదికి 18 సార్లు ఒకరి స్థావరాలకు ఒకరు తనిఖీకి వెళ్లే వీలుండేది. అమెరికా వాళ్లు రష్యా స్థావరానికి వెళ్లి, ఒక క్షిపణిని ఎంచుకుని, దాని ముక్కు తీసి చూపించమని అడిగేవారు. లోపల వార్‌హెడ్ల మీద గుడ్డలాంటి తొడుగులు కప్పి ఉంచేవారు. వాటి తయారీ రహస్యం బయటపడకూడదు, ఎన్ని ఉన్నాయో మాత్రం తెలియాలి. తనిఖీదారుడు తొడుగుల కింద ఉబ్బెత్తుగా కనిపించేవి లెక్కపెట్టి, ఎదుటివాళ్లు చెప్పిన సంఖ్యతో సరిచూసుకునేవాడు. బద్ధశత్రువులమని చెప్పుకునే ఇద్దరు అంత దగ్గరగా నిలబడి అలా లెక్కపెట్టుకోవడం నాకు ఎప్పుడు చదివినా అబ్బురంగానే ఉంటుంది. కోవిడ్‌తో 2020లో ఆ తనిఖీలు ఆగాయి. 2023 ఫిబ్రవరిలో రష్యా ఒప్పందాన్ని సస్పెండ్ చేసింది. 2026 ఫిబ్రవరి 5తో గడువే తీరిపోయింది.

ఇక్కడే నా అసలు బాధ. ఇలాంటివాటన్నిటికీ నిరాయుధీకరణ అని పేరు పెట్టేసరికి, “ఆయుధాలు ఎక్కడివక్కడే ఉన్నాయిగా, ఈ ఒప్పందాల వల్ల ఏం ఒరిగింది?” అని చదివేవాడు పెదవి విరుస్తాడు. ఒరిగింది. 1986 ప్రాంతంలో ప్రపంచంలో 70 వేలకు అటూ ఇటూగా ఉన్న అణు వార్‌హెడ్లు ఇప్పుడు 12 వేల చిల్లరకు దిగాయి. ఆ 12 వేలూ మనందర్నీ బూడిద చేయడానికి చాలు, కాదనను. అయినా ఆ దిగడం ఊరికే జరగలేదు. 1987 డిసెంబరులో రీగన్, గోర్బచేవ్ చేసుకున్న ఐఎన్‌ఎఫ్ (మధ్యశ్రేణి అణు క్షిపణుల) ఒప్పందంతో 500 నుంచి 5,500 కిలోమీటర్ల దూరం వెళ్లే, నేలమీంచి ప్రయోగించే క్షిపణులు 2,692 నాశనమయ్యాయి. మళ్లీ తయారు చేయకుండా చూసేందుకు, రష్యాలో వోట్కిన్స్క్ క్షిపణి ఫ్యాక్టరీ గేటు దగ్గర అమెరికన్లు, యూటాలోని మాగ్నాలో రష్యన్లు 13 ఏళ్లపాటు కాపలా కాశారు. వోట్కిన్స్క్‌లో తయారయ్యే, నిషేధం లేని ఎస్‌ఎస్-25 క్షిపణి మొదటి దశ చూడ్డానికి నిషేధించిన ఎస్‌ఎస్-20 లాగే ఉంటుంది. అందుకని గేటు దాటే డబ్బాలకు ఎక్స్‌రే తీసి మరీ చూసేవారు. ఒక తరగతి క్షిపణులు మొత్తం పోయాయి కాబట్టి దీన్ని నిరాయుధీకరణ అనొచ్చా అని ఎవరైనా అడిగితే, నేను ‘క్షిపణుల నిర్మూలన’ అంటాను. ఎందుకంటే అందులోని అణు పదార్థాన్ని ముందే తీసి దాచుకునే వీలు ఒప్పందంలోనే ఉంది. ఈ ఒప్పందం కూడా 2019లో పోయింది.

పైన ఒకరు నిరాయుధీకరణకు బదులు ‘అస్త్రసన్యాసం’ అందామన్నారు. వినడానికి బాగుంది, పేపర్లలో రోజూ కనిపించే మాటే. కానీ ద్రోణుడి కథ గుర్తుచేసుకోండి. కొడుకు చచ్చిపోయాడని విని, గుండె పగిలి, ఒక్కడే అస్త్రాలు వదిలేశాడు. ఎదుటివాళ్లు వదల్లేదు. తర్వాత ఏమైందో మనకు తెలుసు. అంతర్జాతీయ ఒప్పందాల్లో ఎవరూ ఒంటరిగా వదలరు. నువ్వు వదిలితే నేనూ వదుల్తాను, ఇద్దరం చూస్తుండగా వదులుదాం అన్నదే అక్కడ ప్రాణం.

‘అస్త్రోపసంహారం’ అన్న సూచన ఇంకా అందంగా ఉంది. వ్యాసుడూ నారదుడూ అడ్డం నిలబడితే అర్జునుడు తన అస్త్రాన్ని వెనక్కి తీసుకున్నాడు, అశ్వత్థామ తీసుకోలేకపోయాడు. ఆ ఘట్టం నాకూ ప్రాణమే. కానీ ఉపసంహారం అంటే వేసిన అస్త్రాన్ని మళ్లించడం. ఒకసారి లేచిన ఖండాంతర క్షిపణిని వెనక్కి పిలిచే మంత్రం ఎవరి దగ్గరా లేదు, అరగంటలో అది ఇంకో ఖండంలో ఉంటుంది. ఆ మాట వాడితే, వేశాక కూడా దిక్కుందన్న భరోసా కలుగుతుంది. అలాంటి దిక్కేమీ లేదు.

“ఇదంతా పండిత చర్చ, మామూలు జనానికి ఎందుకు?” అని ఇంకొకరు అడిగారు. అయ్యా, మన దేశం దశాబ్దాలుగా పడుతున్న పేచీ అంతా ఈ రెండు మాటల మధ్యే ఉంది. 1968లో సంతకాలకు వచ్చిన ఎన్‌పీటీలో మూడో మాట ఒకటుంది, ‘వ్యాప్తి నిరోధం’. కొత్తవాళ్లు బాంబు తయారు చేయకూడదని దాని అర్థం. మరి ఉన్నవాళ్ల సంగతి? ఆరో అధికరణంలో, చిత్తశుద్ధితో నిరాయుధీకరణ చర్చలు జరుపుతామని మాట ఇచ్చారు. గడువు పెట్టలేదు. మాకు నిరోధం, మీకు గడువు లేని వాగ్దానమా అని మనం సంతకం పెట్టలేదు. 1988 జూన్‌లో రాజీవ్ గాంధీ ఐక్యరాజ్యసమితిలో ప్రవేశపెట్టిన ప్రణాళిక సారం కూడా గడువే: 2010 కల్లా దశలవారీగా అణ్వస్త్రాలన్నీ పోవాలి. 1996లో అణు పరీక్షలన్నిటినీ నిషేధించే ఒప్పందం (సీటీబీటీ) జెనీవా చర్చలకు వచ్చినప్పుడు మన రాయబారి అరుంధతీ ఘోష్ అడ్డం తిరిగిందీ ఇందుకే. అక్కడ ఏకాభిప్రాయం లేనిదే ఏదీ కదలదు, అందుకే దాన్ని న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభకు తీసుకెళ్లి ఆమోదించుకున్నారు. రెండేళ్లకు మనమే పోఖ్రాన్‌లో పరీక్షలు చేశాం. అది సబబా కాదా అన్నది వేరే చర్చ. కానీ మూడు మాటల్నీ కలిపి ఒకే కుండలో వండితే ఈ వాదం ఎవరికీ అర్థం కాదు.

కాబట్టి అమ్మా, పరీక్షలో న్యూ స్టార్ట్‌కూ, అంతకుముందు అమెరికా, సోవియట్ యూనియన్ చేసుకున్న సాల్ట్ ఒప్పందాలకూ ‘ఆయుధ నియంత్రణ’ అనే రాయండి. ఎన్‌పీటీకి ‘అణ్వస్త్ర వ్యాప్తి నిరోధ ఒప్పందం’. రసాయన ఆయుధాలకూ, 1997 నాటి మందుపాతరల ఒప్పందానికీ, 2017లో 122 దేశాల ఓట్లతో ఆమోదించిన అణ్వస్త్రాల ఒప్పందానికీ ‘నిషేధ ఒప్పందం’. ‘నిరాయుధీకరణ’ను చివరి లక్ష్యానికీ, నిజంగా చేతులు ఖాళీ అయిన సందర్భాలకూ అట్టిపెట్టుకోండి. తనిఖీకి బదులు ‘సత్యాపన’ రాయాలా అని కూడా అడిగారు కదా, అక్కర్లేదు. రేషన్ షాపు దగ్గర్నుంచి క్షిపణి స్థావరం దాకా అందరికీ తెలిసిన మాట తనిఖీయే.