వర్చువల్ బాయ్ దెబ్బతిన్నది యోకోయ్ సూత్రం వల్లనా, దాన్ని ఆయన మరచిపోవడం వల్లనా?

వసారా:
1965లో క్యోటోలోని నిన్‌టెండో సంస్థలో పేకముక్కలు తయారుచేసే యంత్రాల బాగోగులు చూసే పనిలో చేరి, 1996లో బయటికి వచ్చేనాటికి గేమ్ అండ్ వాచ్, గేమ్ బాయ్ వంటి చేతిలో పట్టుకుని ఆడే ఆట యంత్రాలను లోకానికి అందించిన గున్‌పే యోకోయ్ గురించి ఎక్కడ చర్చ మొదలైనా, అది తిరిగి తిరిగి వర్చువల్ బాయ్ దగ్గరికే చేరుతోంది. ఆయన రూపొందించగా 1995 జులైలో జపాన్‌లో విడుదలైన, కళ్లద్దాల పెట్టెలో ముఖం పెట్టి ఆడే ఆ ఆట యంత్రం ఏడాది తిరగకముందే దుకాణాల నుంచి కనుమరుగైంది. అమ్ముడైనవి సుమారు 7.7 లక్షలు మాత్రమే. గేమ్ బాయ్, దాని రంగుల రూపం కలిపి దాదాపు 11.87 కోట్లు అమ్ముడయ్యాయని గుర్తుంచుకుంటే ఆ అంతరం ఎంతటిదో తెలుస్తుంది.

వాడిపోయిన సాంకేతికతను తీసుకుని దానికి కొత్త ఉపయోగం వెతకాలన్నది యోకోయ్ జీవితాంతం చెప్పిన సూత్రం. వర్చువల్ బాయ్‌లో ఆయన ఆ సూత్రాన్ని వదిలేసి, తనకు అలవాటులేని కొత్త సాంకేతికత వెంట పడ్డారని, అది కూడా సంస్థ తర్వాతి ఆట యంత్రం నిన్‌టెండో 64 ఆలస్యమవుతుంటే యాజమాన్యం తొందరపెట్టడం వల్లనే జరిగిందని నా అభిప్రాయం. ఆ వైఫల్యాన్ని ఆయన ఖాతాలో రాయడం న్యాయం కాదు. సభ్యులు ఏమంటారు?

కొయ్యపని:
వసారా గారూ, మీ ముగింపు కంటే ముందు మీ అనువాదంతోనే నాకు పేచీ ఉంది. ‘వాడిపోయిన’ అన్న మాట ఆంగ్లం మీదుగా మనకు చేరింది. జపాన్ ఇంజనీర్లు ఆ విశేషణాన్ని, చాలాకాలం వాడుకలో నలిగి, లోపాలన్నీ బయటపడి, ధర దిగివచ్చిన సాంకేతికతను మెచ్చుకుంటూ వాడతారు. పచ్చి కర్రతో చేసిన తలుపు ఎండకు వంకర తిరుగుతుందని, ఆరిన కర్ర చెప్పినమాట వింటుందని మా ఇంట్లో పెద్దలు అనేవారు. నన్నడిగితే అది ‘ఆరిన సాంకేతికత’.

ఆ లెక్కన చూస్తే వర్చువల్ బాయ్ సూత్రాన్ని వదిలేసిన యంత్రం కాదు. అందులో వాడిన ఎర్ర ఎల్‌ఈడీలు అప్పటికే ఆరిన కర్రలు: చవక, తక్కువ కరెంటు, నమ్మకం. కళ్లు మిరుమిట్లు గొలిపే నీలి ఎల్‌ఈడీ 1993లో గానీ రాలేదు, వచ్చిన కొత్తలో దాని ఖరీదు బొమ్మల తయారీకి అందేది కాదు. అందుకే తెర అంతా ఎరుపు, నలుపు. కాబట్టి సూత్రంలో మొదటి సగాన్ని ఆయన తు.చ. తప్పకుండా పాటించారు.

తప్పింది రెండో సగం, అంటే కొత్త ఉపయోగం వెతకడం. 1969 నాటి లవ్ టెస్టర్‌నే తీసుకోండి. అబ్బాయి ఒక చేత్తో ఒక లోహపు గుండును, అమ్మాయి ఒక చేత్తో మరో గుండును పట్టుకుంటారు. మిగిలిన చేతులు రెండూ కలిపితేనే వలయం పూర్తయి, చర్మం మీదుగా సన్నని విద్యుత్తు పారి, ముల్లు కదులుతుంది. లోపల ఉన్నది ఏ పాఠశాల ప్రయోగశాలలోనైనా కనిపించే కరెంటు కొలిచే పరికరమే. అయితే యోకోయ్‌కు ముందు కనిపించింది ఆ పరికరం కాదు, చేయి పట్టుకోవడానికి సాకు వెతుక్కుంటున్న కుర్రవాడు. గేమ్ అండ్ వాచ్ వెనకా ఇదే కథ. బుల్లెట్ రైలులో ఒక ఉద్యోగి ఊసుపోక కాలిక్యులేటర్ మీటలు నొక్కుతూ కూర్చోవడం ఆయన చూశారు, కాలిక్యులేటర్ సంస్థల పోటీలో చవకబడిన ఎల్‌సీడీ తెర ఆ తర్వాత అందులో ఒదిగింది.

వర్చువల్ బాయ్‌కు ఇది తలకిందులైంది. అమెరికాలోని రిఫ్లెక్షన్ టెక్నాలజీ అనే సంస్థ తన ప్రదర్శన పరికరాన్ని పట్టుకుని, దీన్ని ఎవరైనా వాడుకుంటారా అని బొమ్మల సంస్థల గడపలన్నీ తొక్కి, చివరికి నిన్‌టెండో దగ్గరికి వచ్చింది. అంటే పరికరం ముందు వచ్చింది, మనిషి కోసం తర్వాత వెతికారు. యాజమాన్యం తొందర చిన్న కారణమే. ఇంకో ఏడాది ఇచ్చినా, ఆ కళ్లద్దాల పెట్టెలో ముఖం దాచుకోవాలని ఏ పిల్లవాడు తపించేవాడో నాకు తోచడం లేదు.

ఎల్‌సీడీ మాస్టారు:
కొయ్యపని గారి వాదన అందంగా ఉంది గానీ, అంత అందంగా ఉన్నందుకే నాకు అనుమానం. మనిషే ముందు, పరికరం తర్వాత అన్న నియమం యోకోయ్ పనులన్నిటికీ అతకదు. 1972లో వచ్చిన లెఫ్టీ ఆర్ఎక్స్ అనే రిమోట్ కారు ఎడమకు మాత్రమే తిరిగేది. అన్ని వైపులా తిరిగే కార్ల ధర సామాన్యులకు అందనందున, ఆయన ఖర్చును కోసుకుంటూ పోయి, ఎడమ మలుపు ఒక్కటే మిగిలాక ఆగారు. అక్కడ ముందు కనిపించింది రేడియో భాగాల ధర, మనిషి కాదు. గుండ్రటి దారిలో పందేనికి ఎడమ మలుపు ఒక్కటి చాలన్నది ఆ తర్వాత దొరికిన సమర్థన కావచ్చు.

వర్చువల్ బాయ్ లోపలి పనితనాన్ని కూడా ఎవరూ పట్టించుకోవడం లేదు. ఒక్కో కంటికి 224 ఎర్ర ఎల్‌ఈడీలు ఒకే నిలువు వరుసలో ఉంటాయి. వాటి ఎదుట ఒక చిన్న అద్దం సెకనుకు 50 సార్లు అటూఇటూ ఊగుతూ ఆ ఒక్క గీతనే 384 గీతలుగా పరిచి, కంటికి నిండు చిత్రంగా చూపిస్తుంది. పూర్తి తెర కొనే ఖర్చు లేకుండా ఒక్క గీతతో తెరను సృష్టించడం కంటే యోకోయ్ తరహా ఉపాయం ఇంకేముంటుంది? మొదట తలకు తగిలించుకునేలా తలపెట్టిన దాన్ని, భద్రతపై భయాలతో బల్లమీద రెండు కాళ్ల స్టాండుకు దించారు. ఆడేవాడు మెడ వంచుకుని కూర్చోవలసి వచ్చింది. ఆ యంత్రాన్ని చంపింది ఆ మెడనొప్పేనని నేనంటాను.

ఇంకొక మాట. గేమ్ బాయ్ గెలుపును మొత్తం ఆయనకే కట్టబెట్టి, ఈ ఓటమిని మాత్రం యాజమాన్యం మీదికి తోయడం కుదరదు. గేమ్ బాయ్‌ను గేమ్ అండ్ వాచ్ లాంటి చిన్న బొమ్మగానే యోకోయ్ ఊహించారని, ఆటలు మార్చుకోగల గట్టి యంత్రంగా ఉండాలని తాను పట్టుబడితే చివరికి ఒప్పుకున్నారని ఆయన సహచరుడు సతోరు ఒకాడా తర్వాతి కాలంలో చెప్పారు. గెలుపులో వాటాలు పంచినప్పుడు ఓటమిలోనూ పంచాలి.

వసారా:
మాస్టారూ, ఒకాడా మాట ఒప్పుకుంటాను. అయితే 4 బూడిద ఛాయల తెరతో, వెనక దీపం కూడా లేకుండా, 4 పెన్సిల్ సెల్లులతో నడిచే యంత్రమే చాలని నిలబడడం యోకోయ్ తత్వమే కదా. 6 సెల్లులు మింగే రంగుల తెరల పోటీ యంత్రాలు లింక్స్, గేమ్ గేర్ దాని ముందు నిలవలేకపోయాయి.

నా చిన్నప్పుడు డాలస్ నుంచి వేసవి సెలవులకు వచ్చిన పిన్ని కొడుకు ఒక గేమ్ బాయ్ తెచ్చాడు. సాయంత్రం పొద్దు వాలేకొద్దీ మేమిద్దరం తాతగారి వసారాలో వెలుతురు వెంట జరుగుతూ, చివరికి మెట్టు అంచుకు చేరి, టెట్రిస్ దిమ్మెలు కనిపించే కోణం కోసం దాన్ని అటూఇటూ వంచేవాళ్లం. వాడు ఆడుతుంటే నేను వాడి భుజం మీదుగా చూసి, ‘పొడుగుది, పొడుగుది’ అని అరిచేవాణ్ని. ఇక్కడ నేను పెట్టుకున్న ‘వసారా’ అన్న పేరు ఆ వసారా నుంచే వచ్చింది. వర్చువల్ బాయ్‌లో భుజం మీదుగా చూడడానికి ఏమీ లేదు. ఈ ఒక్క విషయంలో నేను కొయ్యపని గారి వైపు జరుగుతున్నాను.

కొయ్యపని:
మాస్టారి ఎడమ కారు నా నియమాన్ని కొంత వంచింది, కాదనను. అయినా ఆ కారును కూడా పిల్లలు నేల మీద గుంపుగా ఉండి ఆడేవారు. చూసేవాడికి చోటు లేని బొమ్మను యోకోయ్ అంతకుముందు తలకెత్తుకున్నట్టు నాకు కనిపించదు.

ఆయన నిన్‌టెండోను వదిలింది వర్చువల్ బాయ్ అవమానంతోనే అన్న ప్రచారం కూడా సరికాదు. తన నిర్ణయానికి అది కారణం కాదని ఆయనే చెప్పుకున్నారు. గేమ్ బాయ్‌ను సన్నగా చెక్కి గేమ్ బాయ్ పాకెట్‌గా మార్చి, అది 1996 జులైలో మార్కెట్లోకి వచ్చాక, ఆగస్టు 15న బయటికి నడిచారు. కోటో అనే చిన్న సంస్థ పెట్టుకుని, బొమ్మల సంస్థ బండాయ్ కోసం వండర్‌స్వాన్ అనే చేతి ఆట యంత్రం పని మొదలుపెట్టారు. 1997 అక్టోబరు 4న రోడ్డు ప్రమాదంలో మరణించడంతో దాని విడుదల చూడలేకపోయారు. 1999లో వచ్చిన ఆ యంత్రం ధర 4,800 యెన్‌లు. తెర మళ్లీ నలుపు తెలుపే, నిలువుగానూ అడ్డంగానూ పట్టుకోవచ్చు, నడిపించడానికి ఒక్క పెన్సిల్ సెల్ చాలు.