సమస్య: “త్రిభుజమున లంబకోణముల్ తెలియ మూఁడు” – పూరణలు, చర్చ

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య తేటగీతిలో చివరి పాదం:

*త్రిభుజమున లంబకోణముల్ తెలియ మూఁడు*

గణవిభజన: త్రిభుజ (న) – మునలంబ (సల) – కోణముల్ (ర) – తెలియ (న) – మూఁడు (హ). త్రి, తె అక్షరాలకు యతి. ముందు మూడు పాదాలు మీరు రాయాలి. త్రిభుజంలో మూడు కోణాలు కలిస్తే 180 డిగ్రీలని బడిలో నేర్చుకున్నాం. రెండు లంబకోణాలకే ఆ లెక్క నిండిపోతుంది, మూడోదానికి చోటే లేదు. ఈ విరోధాన్ని పద్యంలోనే విప్పాలి. కింద వివరణ రాసి విప్పితే పూరణ అనిపించుకోదు.

గోళరేఖ:

*ఉత్తరధ్రువమునఁ బుట్టి యుర్వి నడిమి*
*గీఁత కడ్డముగా రెండు గీఁత లంద*
*నమ్మకున్నను నిజమిది నరులకెల్ల*
*త్రిభుజమున లంబకోణముల్ తెలియ మూఁడు*

ఛందోమిత్ర:
గణాలు, యతులు సరిపోయాయి. మొదటి పాదంలో ‘ర’ గురువా అని ఎవరికైనా అనుమానం వస్తుందేమో. ‘ఉత్తరధ్రువము’ సంస్కృత సమాసం కాబట్టి ‘ధ్రు’ ముందున్న ‘ర’ గురువే, రెండో గణం భగణమే. ‘నడిమి గీఁత’ చాలా బాగుంది. కానీ మూడో పాదం మొత్తం వ్యర్థపదాలే. ‘నమ్మకున్నను నిజమిది’ అనడం వల్ల సమస్య విడిపోదు.

క్షేత్రగణిత:
అది వ్యర్థమవడమే కాదు, అసలు షరతు చెప్పాల్సిన చోటును ఆక్రమించింది. ధ్రువం నుంచి దిగే ఏ రెండు రేఖాంశాలైనా భూమధ్యరేఖను లంబంగానే తాకుతాయి. అక్కడికి వచ్చేవి రెండు లంబకోణాలే. మూడోది ధ్రువం దగ్గర ఏర్పడాలంటే ఆ రెండు రేఖాంశాల మధ్య సరిగ్గా 90 డిగ్రీల ఎడం ఉండాలి. పది డిగ్రీల ఎడమైతే అక్కడ పది డిగ్రీల కోణమే వస్తుంది, మీ నాలుగో పాదం అబద్ధమవుతుంది.

ఉదాహరణకు మన ప్రామాణిక సమయానికి ఆధారమైన 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం తీసుకోండి. అది కాకినాడ దగ్గరగా పోతుంది. దానికి జోడీ పోర్చుగల్ మీదుగా పోయే 7½ డిగ్రీల పడమర రేఖాంశం. రెండూ ధ్రువం దగ్గర లంబంగా కలుస్తాయి. భూమధ్యరేఖను ఒకటి హిందూ మహాసముద్రంలో, ఇంకొకటి పశ్చిమాఫ్రికాకు దక్షిణాన అట్లాంటిక్‌లో తాకుతాయి. ఒక్కో భుజం సుమారు 10,000 కిలోమీటర్లు. ఈ త్రిభుజం వైశాల్యం భూగోళం ఉపరితలంలో సరిగ్గా ఎనిమిదో వంతు.

‘నడిమి’ అనే మాటను మాత్రం వదలకండి. 60వ అక్షాంశాన్ని మూడో భుజంగా తీసుకున్నా పటంలో మూడు లంబకోణాలు కనిపిస్తాయి, కానీ అది త్రిభుజం కాదు. ఆ అక్షాంశం వెంట 90 డిగ్రీలు తిరిగితే సుమారు 5,000 కిలోమీటర్లు, అవే రెండు చోట్ల మధ్య అతి దగ్గరి దారి సుమారు 4,600. గోళం మీద సరళరేఖ అంటే గోళకేంద్రం గుండా పోయే మహావృత్తం. అక్షాంశాల్లో ఆ అర్హత భూమధ్యరేఖకు ఒక్కదానికే ఉంది.

గోళరేఖ:
మూడో పాదం మార్చాను:

*నడుమఁ దొంబది డిగ్రీలు నప్పి యుండ*

ఛందోమిత్ర:
నడుమఁ, దొంబది, డిగ్రీలు, నప్పి, యుండ అన్నీ కుదిరాయి. షరతు పద్యంలోకి వచ్చింది. ఇప్పుడిది పూరణ.

తేటనీరు:

*పలకపై గీసి కొలువక పలికె నొకఁడు*
*రెండు లంబము లున్నచో రెండు భుజము*
*లెచటనుఁ గలియవంచుఁ దా నెఱుఁగఁ డకట*
*త్రిభుజమున లంబకోణముల్ తెలియ మూఁడు*

ఛందోమిత్ర:
తెలియనివాడి నోట పెట్టి తప్పించుకోవడం పాత దారే. అయినా మీరు కారణం కూడా చెప్పారు, అందుకే దీనికి విలువుంది. దోషమల్లా అన్వయంలో ఉంది. ‘పలికె నొకఁడు’ మొదటి పాదంలో, పలికిన మాట నాలుగో పాదంలో పడ్డాయి. మొదటి పాదాన్ని మూడో స్థానానికి దించండి, దూరాన్వయం పోతుంది. ఏ పాదంలోనూ ఒక్క అక్షరం మార్చనక్కర్లేదు.

గోళరేఖ:
‘ఎచటనుఁ గలియవు’ అన్నది సమతలంలోనే కదా నిజం? నా పద్యంలో ఆ రెండు గీతలూ ధ్రువం దగ్గర కలిశాయి.

క్షేత్రగణిత:
ఆ షరతును ‘పలక’ అనే మాటే మోస్తోంది. పలక చదునుగా ఉంటుంది. వరస మార్చినా ఆ మాట పోవడం లేదు కాబట్టి తర్కం నిలుస్తుంది. మీ రెండు పద్యాలూ ఒకదాన్నొకటి కాదనడం లేదు, తలం మారింది, అంతే.

ఇక్కడ నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగించే సంగతి ఒకటుంది. గోళం మీద త్రిభుజంలో కోణాల మొత్తం 180 దాటుతుందని అలెగ్జాండ్రియాకు చెందిన మెనెలాస్ క్రీ.శ. 100 ప్రాంతంలోనే నిరూపించాడు. ఖగోళ గణితం చేసేవాళ్లంతా దాన్ని వాడుకున్నారు. అయినా యూక్లిడ్ అయిదో స్వీకృతం (ఒక గీతకు బయటి బిందువు గుండా ఒకే సమాంతర రేఖ ఉంటుందనే నియమం) లేని జ్యామితి కూడా తర్కానికి నిలుస్తుందని లొబచేవ్‌స్కీ 1829లో, బొయాయ్ 1832లో ప్రచురించేదాకా లోకానికి తెలియలేదు. ఉదాహరణ కళ్లముందే ఉంది, కానీ దాన్ని గుండ్రటి వస్తువు గుణంగా చూశారే తప్ప జ్యామితిగా చూడలేదు.

వాలుగీత:
నేను గొట్టంతో మొదలుపెట్టాను. మొదటి పాదం ఇది:

*కాగితము చుట్టి గొట్టమున్ గీసి చూడ*

ఛందోమిత్ర:
కా, గీ అక్షరాలకు యతి చెల్లదు, హల్లు కుదిరినా అచ్చు కుదరలేదు. ‘కాగితము చుట్టి గొట్టము గాఁగ గీసి’ అంటే యతి నిలుస్తుంది.

క్షేత్రగణిత:
యతి నిలిచినా భావం నిలవదు. చదును కాగితం మీద త్రిభుజం గీసి గొట్టంగా చుట్టండి. కాగితం సాగలేదు, చిరగలేదు, కాబట్టి ఏ కోణమూ మారదు, మొత్తం 180 గానే ఉంటుంది. కంటికి వంపుగా కనిపించిన ప్రతి తలమూ జ్యామితికి వంపు కాదు. గణితవేత్త గౌస్ 1827లో నిరూపించింది ఇదే: తలాన్ని సాగదీయకుండా ఎలా వంచినా దాని స్వంత వక్రత మారదు. గొట్టానికి ఆ వక్రత సున్న. గోళపు తొక్కను బల్ల మీద పరచబోతే అంచులు చిట్లడానికి కారణమూ ఇదే.

వాలుగీత:
అయితే ఆ తొక్కనే తీసుకుంటాను:

*పండు నడ్డముగాఁ గోసి పైని రెండు*
*నిలువుకోఁతలఁ గావించి నీవు తొక్క*
*లెనిమిదింటిలో నొక్కటి యెత్తి చూడ*
*త్రిభుజమున లంబకోణముల్ తెలియ మూఁడు*

క్షేత్రగణిత:
నాకు అన్నిటికన్నా నచ్చిన పూరణ ఇది. ఎవరైనా బత్తాయితో చేసి చూడవచ్చు. ఒక్క లోపం: నిలువుకోతలు రెండూ ఒకదానికొకటి లంబంగా ఉండాలని చెప్పలేదు. వాలుగా పడితే కొన్ని ముక్కలకు పైకోణం 90 దాటుతుంది, కొన్నిటికి తగ్గుతుంది. కత్తి పండు నట్టనడుమ నుంచి పోవడం కూడా ముఖ్యం. పక్కకు జరిగితే ఆ అంచు మహావృత్తం కాదు.

ఛందోమిత్ర:
‘నీవు’ ఊరికే ఉంది, దాన్ని తీసేస్తే చోటు దొరుకుతుంది:

*నిలువుకోఁతలు సిలువగా నిలిపి తొక్క*

వాలుగీత:
‘సిలువగా’ అనగానే లంబం వచ్చేసింది. స్వీకరించాను. ఒక సందేహం. ఇంత పెద్ద నిజం మన కంటికి ఎందుకు ఆనదు?

క్షేత్రగణిత:
కొలత చిన్నది కావడం వల్ల. గోళం మీద త్రిభుజంలో 180 మీద వచ్చే అదనం దాని వైశాల్యానికి అనుపాతంలో ఉంటుంది. భూమి మీద సుమారు 197 చదరపు కిలోమీటర్లకు ఒక సెకను, అంటే డిగ్రీలో 3600వ వంతు, అదనం వస్తుంది. ఎకరం పొలంలో కోణాలు కొలిచే పరికరం థియోడొలైట్ ఎంత మంచిదైనా దానికి అది దొరకదు. 1820ల్లో గౌస్ జర్మనీలో హోహర్ హాగెన్, బ్రోకెన్, ఇన్సెల్స్‌బెర్గ్ కొండలను కలుపుతూ కొలిచిన త్రిభుజం భుజాలు సుమారు 69, 85, 107 కిలోమీటర్లు. అంత పెద్దదానికీ అదనం 15 సెకన్ల లోపే. పొలం గట్ల మీద అలవడిన ఊహకు పొలం గట్ల వరకు తప్పులేదు. 1802లో మద్రాసు దగ్గర లాంబ్టన్ మొదలుపెట్టిన త్రికోణమితి సర్వే లాంటి పనుల్లో మాత్రం ఆ సెకన్లను లెక్కలోకి తీసుకోకపోతే దేశం కొలత కుదరదు.

నిర్వాహకుడు:
సవరించిన మూడు పూరణలూ ఎంపికయ్యాయి. గుర్రపు జీను ఆకారపు తలం మీద ఇంకా ఎవరూ రాయలేదు. అక్కడ మొత్తం 180కి తగ్గుతుంది కాబట్టి ఈ పాదానికి అది పనికిరాదు. కావాలంటే ‘త్రిభుజమున లంబకోణముల్ తెలియ సున్న’ అని పాదం మార్చి ప్రయత్నించండి. ‘సున్న’ కూడా హగణమే, యతికి అడ్డురాదు. చదును త్రిభుజంలోనూ లంబకోణం లేకపోవచ్చు కాబట్టి, జీను తలానికే చెల్లే కారణం పద్యంలో కనబడాలి.