ఆల్బమ్ వచ్చే వేళకు మా ఇల్లు ఇలా ఉంది: మీరైతే ఏం చేస్తారు?

ఊదాపూలు (దిల్‌సుఖ్‌నగర్)

అందరికీ నమస్కారం. కొరియాకు చెందిన ఏడుగురి సంగీత బృందం బీటీఎస్ పాటలు వినే తెలుగువాళ్లం ఇక్కడ చాలామందిమి ఉన్నాం కనుక, బంధువులతో గానీ కాలేజీ స్నేహితులతో గానీ చెప్పుకోలేకపోతున్న విషయం ఒకటి మీ ముందు పెడుతున్నాను. 2026 మార్చి 20న ఏడుగురూ కలిసి చేసిన ఆల్బమ్ వస్తోంది. 2022 జూన్‌లో వాళ్ల పాటల సంకలనం విడుదలై, అక్కడి మగవాళ్లకు తప్పనిసరైన సైనిక సేవ కోసం ఆ డిసెంబరులో జిన్ సైన్యంలో చేరినది మొదలు, అందరికంటే చివరగా షుగా 2025 జూన్‌లో విధులు ముగించుకొని వచ్చేవరకూ మనమంతా ఓపిక పట్టింది దీనికోసమే. పైగా ఈ ఏడాది ఉగాది 19న వచ్చింది, అంటే పండుగ మరునాడే పాటలు.

అయితే సంక్రాంతి వెళ్లిన కొద్ది రోజులకు మా నాన్నగారికి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు చచ్చుబడ్డాయి, మాట పడిపోయింది. ఇప్పుడు ఇంటికి తెచ్చుకున్నాం. గోడ పట్టుకొని నాలుగడుగులు వేయగలుగుతున్నారు గానీ మాట మాత్రం తిరిగి రాలేదు. మేము చెప్పేది ఆయనకు దాదాపు అంతా అర్థమవుతోంది. మంచినీళ్లు అడగబోయి మొదటి అక్షరం దగ్గరే ఆగిపోతారు, పెదవులు కదులుతాయి, మాట రాదు, చివరకు ఎడమచేత్తో దుప్పటి పక్కకు నెట్టేసి గోడవైపు తిరిగిపోతారు. ఆయన ఒక ప్రైవేటు పాఠశాలలో తెలుగు మాస్టారుగా పనిచేశారు. పోతన పద్యం రాగం తీసి చదివితే పక్క తరగతి పిల్లలు కూడా నిశ్శబ్దంగా వినేవారని మా అమ్మ ఇప్పటికీ చెబుతుంది.

దీనికి తోడు డబ్బు గొడవ మొదలైంది. ఆసుపత్రి కోసం చేసిన అప్పు తీర్చడానికి ఇబ్రహీంపట్నం వైపు ఉన్న ప్లాటు అమ్మేద్దామని అన్నయ్య అంటాడు, అది నా పెళ్లికని కొన్నది కాబట్టి ముట్టుకోవద్దని అమ్మ అంటుంది. ఇద్దరూ నాన్నగారి మంచం పక్కనే వాదించుకుంటారు. మొన్న నేను హెడ్‌ఫోన్లు పెట్టుకొని కూర్చుంటే "ఇంట్లో పరిస్థితి ఇలా ఉంటే నీకు పాటలు కావాలా" అని అన్నయ్య అన్నాడు. ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బు, ఆల్బమ్ తెప్పించుకోవడానికి అభిమానులం కలిసి పెట్టిన గ్రూప్ ఆర్డరుకు కట్టి ఉన్నాను. దాన్ని వెనక్కి తీసుకొని ఇంట్లో ఇచ్చేయడం న్యాయమా? ఆల్బమ్ గురించి సంతోషపడటమే తప్పన్నట్టు నాకు లోపల గుంజుతోంది.

ఇంకొక్క మాట. నాన్నగారు ఒక్క మాట కూడా పలకలేరు గానీ, ఘంటసాల పద్యం పెడితే వెంట కూనిరాగం తీస్తున్నారు, మధ్యమధ్య ఒకటి రెండు మాటలు స్పష్టంగా కూడా వస్తున్నాయి. ఇది నిజంగా మంచి సూచనేనా, లేక నేనే అలా ఆశపడుతున్నానా?

మాట_పాట (బోయిన్‌పల్లి)

చెల్లీ, నేను స్పీచ్ థెరపిస్టుగా పనిచేస్తున్నాను, మీలాగే ఆ ఏడుగురి అభిమానిని కూడా. మీరు చివర అడిగినదే నాకు అన్నింటికంటే ముఖ్యమైనదిగా కనిపించింది కనుక ముందు దాని గురించి రాస్తాను.

మెదడులో ఎడమవైపు దెబ్బతిన్నప్పుడు కుడి చెయ్యి, కాలుతో పాటు మాట కూడా పోవడం చాలామందిలో జరుగుతుంది. దీన్ని అఫేసియా అంటారు. తెలివి తగ్గడం కాదు, మాటను వెతికి బయటకు తెచ్చే దారి మూసుకుపోవడం. పాట పాడేటప్పుడు మెదడు రెండు వైపులా పనిచేస్తుంది. పైగా చిన్ననాటి నుంచి కంఠస్థమైన పద్యం ఒక్కో మాటగా కాక వరుసగా దొర్లుకుంటూ వస్తుంది. అందుకే నీళ్లు అడగలేని మనిషి పద్యంలో మాటలు పలకగలుగుతారు. మీరు చూసింది నిజమే. అయితే పద్యం రావడం వేరు, అవసరానికి మాట రావడం వేరు, మొదటిది ఉన్నంత మాత్రాన రెండోది దానంతటదే రాదు. ఆ రెండింటి మధ్య వంతెన వేసే పద్ధతి ఒకటి ఉంది. బోస్టన్ వైద్యులు 1973లో దాన్ని మొదట వివరించారు, నేటికీ వాడుతున్నారు. చెప్పేది బాగా అర్థమవుతూ, పలకడం మాత్రమే కష్టమైన వారికి ఇది ఎక్కువగా పనికొస్తుంది. మీరు రాసినదాన్ని బట్టి నాన్నగారు ఆ కోవలోకి వచ్చే అవకాశం ఉంది, కానీ ఎదురుగా చూసి పరీక్షించకుండా నేను ఖాయంగా చెప్పకూడదు.

పద్ధతి ఇలా ఉంటుంది. ఆయనకు రోజూ అవసరమయ్యే చిన్న మాట ఒకటి తీసుకుంటాం, "మంచినీళ్లు" అనుకోండి. దాన్ని హెచ్చు, తగ్గు అనే రెండే రెండు స్వరాల మీద నెమ్మదిగా సాగదీస్తూ కూనిరాగం తీస్తాం. ఆయన ఎడమచేతిని మన చేతిలోకి తీసుకొని ఒక్కో అక్షరానికి ఒక్కోసారి మంచం పట్టె మీద మెల్లగా తట్టిస్తాం. ముందు మనం ఒక్కరమే, తరువాత ఇద్దరం కలిసి, ఆ తరువాత సగంలో మనం గొంతు తగ్గించి ఆయనను ముందుకు పోనిస్తాం. చివరగా "ఏం కావాలి?" అని అడిగి ఆగుతాం. ఆ ఆగడమే ఇంట్లోవాళ్లకు చాలా కష్టం, ఎందుకంటే ప్రేమ కొద్దీ మాట అందించేస్తారు. దయచేసి అందించకండి, ఆయన ముఖం చూస్తూ ఆగండి.

సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ వాక్, శ్రవణ వైకల్య సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. ప్రభుత్వ సంస్థ కాబట్టి ముందు అక్కడ చూపించండి. కోలుకోవడం మొదటి నెలల్లోనే ఎక్కువ వేగంగా ఉంటుంది గనుక ఉగాది వెళ్లాక చూద్దామని వాయిదా వేయవద్దు. నీళ్లు తాగేటప్పుడు పొలమారుతోందేమో కూడా గమనించి డాక్టరుగారికి చెప్పండి.

మంచం పక్కన జరిగే వాదన గురించి కూడా రాయాలి. అఫేసియా ఉన్నవారికి ఇద్దరు ఒకేసారి మాట్లాడితే అందుకోవడం చాలా కష్టం. తన ప్లాటు గురించి, తన కూతురి పెళ్లి గురించి తన ఎదుటే మాట్లాడుతుంటే, అన్నీ అర్థమవుతూ ఒక్క మాట అనలేకపోవడం ఎంత నరకమో ఆలోచించండి. అమ్మగారికి, అన్నయ్యకు ఈ ఒక్క పేరా చదివి వినిపించినా చాలు.

ఏడుగురి అక్క (కూకట్‌పల్లి)

నాకు నలభై దాటాయి. మా అమ్మాయి వినగా వినగా ఆ పాటలు నాకూ అలవాటయ్యాయి. మా అత్తగారు మంచాన పడి ఉన్న కాలంలో వంటింట్లో ఆ పాటలు పెట్టుకునే పని చేసుకున్నాను, అందుచేత మీరు అడిగిన న్యాయాన్యాయాల గురించి నాకు సందేహం లేదు. రోగి ఉన్న ఇంట్లో నవ్వకూడదన్న నియమం ఎవరూ పెట్టలేదు. సేవ చేసేవాళ్ల ప్రాణం నిలబడితేనే సేవ సాగుతుంది.

అన్నయ్య మాట మిమ్మల్ని గుచ్చింది, నిజమే. అయినా అప్పు తెచ్చింది అతనే అయితే, వడ్డీ తేదీ దగ్గరపడుతున్నకొద్దీ అతనికీ రాత్రి నిద్ర ఉండదు. పాటల మీద విసుక్కున్నాడు గానీ ఆ విసుగు పాటల మీద కాదనుకుంటాను.

ప్లాటు సంగతి. అది నాన్నగారి పేరు మీద ఉంటే అమ్మాలా వద్దా అన్నది ఆయన నిర్ణయం. కుడిచెయ్యి పనిచేయనంత మాత్రాన ఆయన హక్కు పోదు. సంతకానికి బదులు వేలిముద్ర వేయవచ్చు, కార్యాలయానికి రాలేని స్థితిలో ఉంటే సబ్ రిజిస్ట్రారు ఇంటికే వచ్చి తీసుకునే వీలు రిజిస్ట్రేషన్ చట్టంలో ఉంది. కాబట్టి ఆయన తరఫున మీ ముగ్గురూ నిర్ణయించేయవద్దు. "అవును, కాదు" అని తల ఊపగలిగేలా ప్రశ్న వేసి, ఒకరోజు అడిగి, రెండు రోజులు ఆగి, అదే ప్రశ్నను మార్చి మళ్లీ అడగండి. రెండుసార్లూ ఒకే జవాబు వస్తే అది ఆయన మాటే. ఆరోగ్యశ్రీ గురించి ఆసుపత్రిలో ఎవరైనా చెప్పారా? తెలంగాణలో దాని పరిమితి 2023 డిసెంబరు నుంచి పది లక్షలు. అయిన ఖర్చు తిరిగి రాకపోవచ్చు గానీ, ఇకముందు ఆసుపత్రిలో చేరాల్సి వస్తే చేర్చేముందే ఆ ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి.

తార్నాక శ్రోత

అక్క చెప్పినదానిలో ఒక్క విషయంలో నా అభిప్రాయం వేరు. అన్నయ్య విసుగును అర్థం చేసుకొని ఊరుకుంటే సరిపోదు, ఊదాపూలు గారు తన మాట కూడా చెప్పుకోవాలి. మా అమ్మానాన్నలు విడిపోతున్న రోజుల్లో నేను హాస్టల్‌లో ఉన్నాను. అందరి బాధనూ అర్థం చేసుకుంటూ పోయి నాది ఎవరికీ చెప్పలేదు. అన్నం సయించక, నిద్ర పట్టక, పరీక్ష ముందు రాత్రి 14416కు ఫోన్ చేశాను. అది టెలి మానస్, 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన ఉచిత మానసిక ఆరోగ్య సేవ. ఏ వేళలోనైనా తెలుగులో మాట్లాడవచ్చు. అవతలి వ్యక్తి నన్ను తొందరపెట్టలేదు, నీతులు చెప్పలేదు. మీకు గుంజుతోందని రాశారు కాబట్టి ఈ నంబరు ఇక్కడ పెడుతున్నాను. అవసరం అనిపించిన రోజే చేయండి, ఇంకా ముదిరాక చేద్దామని ఆగకండి.

ఆల్బమ్ విషయానికి వస్తే, దానికి "అరిరాంగ్" అన్న పేరు పెట్టారని తెలిసిన రోజు నుంచి నేను వేరే ఏదీ ఆలోచించలేకపోతున్నాను. అది కొరియా వాళ్ల జానపదం. మనసైనవారు కొండ కనుమ దాటి వెళ్లిపోతుంటే వెనక ఉండిపోయినవారు పాడుకునే పాట. ఊరూరికీ వరుస మారుతుంది, మన పల్లెపాటల్లాగే. దక్షిణ కొరియా తరఫున 2012లో, ఉత్తర కొరియా తరఫున 2014లో యునెస్కో దాన్ని మానవాళి వారసత్వంగా గుర్తించింది. దేశం రెండు ముక్కలైనా పాట ఇద్దరిదీ అయి నిలిచింది. ఏళ్ల తరబడి విడివిడిగా ఉండి మళ్లీ కలిసిన ఏడుగురు ఆ పేరే ఎంచుకోవడం నాకు చాలా పెద్ద విషయంగా తోస్తోంది. పద్యం చెప్పిన మాస్టారికి ఈ సంగతి చెప్పి చూడండి, తప్పక ఆసక్తిగా వింటారు. హెడ్‌ఫోన్లు తీసేసి ఆ రోజు స్పీకరులో పెట్టండి.

టోలిచౌకి ఆర్మీ

గ్రూప్ ఆర్డరు చూస్తున్నది నేనే కాబట్టి డబ్బు గురించి సూటిగా రాస్తాను. మీరు కట్టినది మొత్తం వెనక్కి కావాలంటే రేపే పంపిస్తాను, ఎదురుచూసేవారి జాబితాలో చాలామంది ఉన్నారు, ఎవరికీ నష్టం లేదు. అలా కాక ఉంచుకుంటే, కొరియా నుంచి రవాణా ఖర్చు, కస్టమ్స్ సుంకం తరువాత వసూలు చేస్తాం గదా, మీ వంతు మీకు వీలైనప్పుడు ఇవ్వండి. రెండింటిలో మీకు ఏది తేలిక అనిపిస్తే అది చేయండి, మొహమాటం వద్దు. ఆల్బమ్‌తో వచ్చే ఫొటోకార్డుల మార్పిడి కూడా మీరు లేకుండా మొదలుపెట్టం.

ఇంకో సంగతి. మాకు రంజాన్ చివరి రోజులు నడుస్తున్నాయి. ఇఫ్తార్ అయ్యాక నేను, మా చెల్లి ఖాళీగానే ఉంటాం. అమ్మగారు, అన్నయ్య కాసేపు బయట కూర్చొని ప్లాటు గురించి ప్రశాంతంగా మాట్లాడుకోవాలంటే, ఆ గంటసేపు మేము వచ్చి నాన్నగారి దగ్గర కూర్చుంటాం. మా తాతగారికీ ఇలాగే జరిగింది, మంచం నుంచి కుర్చీలోకి ఎలా దించాలో మాకు అలవాటే. రమ్మంటే మలక్‌పేట మీదుగా వచ్చేస్తాం.

ఊదాపూలు (దిల్‌సుఖ్‌నగర్)

మీ జవాబులన్నీ అమ్మకు చదివి వినిపించాను. థెరపిస్టు అక్క రాసిన ఆ పేరా దగ్గర అమ్మ లేచి వెళ్లి చాలాసేపు రాలేదు. అప్పటి నుంచి ప్లాటు మాట వస్తే ఇద్దరూ వరండాలోకి వెళుతున్నారు. అన్నయ్యకు నేను ఒకటే చెప్పాను: పాటలు వింటే నాకు రాత్రి మేలుకోగలిగే ఓపిక వస్తోందని. అతను ఏమీ అనలేదు, కానీ వడ్డీ లెక్క రాసుకున్న పుస్తకం తెచ్చి మొదటిసారి నాకు చూపించాడు. నేను అనుకున్నదానికంటే ఎక్కువే ఉంది. నాన్నగారిని ఇంకా అడగలేదు, అక్క చెప్పినట్టే అడుగుతాం.

రెండు స్వరాల మీద "నీళ్లు" అని తట్టి చూశాను. ఒకసారి నాతోపాటు అన్నారు, మరుసటిసారి రాలేదు, విసుగొచ్చి చెయ్యి లాక్కున్నారు. మనోవికాస్‌నగర్‌లో వచ్చే వారానికి సమయం దొరికింది.

టోలిచౌకి అక్కా, నా పేరు మీద ఉన్న రెండు ప్రతులలో ఒకటి వేరేవారికి ఇచ్చేయండి, ఆ డబ్బు ఫిజియోథెరపీకి వాడుకుంటాం. రెండోది ఉంచుకుంటాను. శనివారం సాయంత్రం ఇఫ్తార్ అయ్యాక మీరిద్దరూ రాగలరా? అమ్మ తప్పకుండా రమ్మంది.

మాట_పాట (బోయిన్‌పల్లి)

ఒకసారి వచ్చి మరుసటిసారి రాకపోవడం మామూలే. విసుగు కనిపిస్తే ఆపేసి, అలసట లేని ఉదయం వేళ మళ్లీ మొదలుపెట్టండి. పాటలు స్పీకరులో వినండి గానీ, ఆయనతో మాట్లాడేటప్పుడు మాత్రం కట్టేయండి. మనోవికాస్‌నగర్ వెళ్లేటప్పుడు స్కానింగు కాగితాలు, డిశ్చార్జి పత్రం, ఆయన కళ్లద్దాలు మరచిపోకండి. వాటితోపాటు ఇంట్లో ఆయన రోజూ ఎక్కువగా వాడే మాటలు ఒక ఇరవై, మిమ్మల్ని పిలిచే ముద్దుపేరుతో సహా, ఒక కాగితం మీద రాసి తీసుకెళ్లండి.