కిందపడ్డ ట్యాబ్ ఆన్ కావడం లేదు, లోపల మా నానమ్మ పాటలున్నాయి

సిరిసిల్ల_పిల్ల:
అందరికీ నమస్తే. 2021లో కొన్న ఆండ్రాయిడ్ ట్యాబ్. పోయిన బతుకమ్మ పండక్కి నానమ్మ పాడుతుంటే రికార్డ్ చేస్తూ చేయి జారి బండల మీద పడింది, ఒక మూల అద్దం పగిలి స్క్రీన్ నల్లబడింది. అప్పుడే చూపించాల్సింది, బీరువాలో పెట్టేశాం. నానమ్మ సంక్రాంతికి చనిపోయింది. ఇప్పుడు తీసి ఛార్జింగ్ పెడితే లోగో కూడా రావట్లేదు. దగ్గర్లో షాపులో చూపిస్తే రెండు నిమిషాల్లో బోర్డు పోయింది, కొత్తది కొనుక్కోండి అన్నారు. ట్యాబ్ పోతే పోనీ, ఆ పాటలు మాత్రం కావాలి. ఏం చేయాలో చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

పాతసామాను_ఖమ్మం:
ముందు మెమరీ కార్డ్ వేశారేమో చూడండి, ఉంటే తీసి ఫోన్‌లో పెట్టుకోండి. లేకపోతే, ల్యాప్‌టాప్‌కి కాకుండా గోడ ప్లగ్‌కి మంచి ఛార్జర్ పెట్టి గంట రెండు గంటలు వదిలేయండి. మామూలు యూఎస్‌బీ పోర్ట్ 500 మిల్లీ ఆంప్స్ ఇస్తుంది, నెలల తరబడి ఖాళీగా ఉన్న బ్యాటరీకి అది చాలదు. తర్వాత వాల్యూమ్ తగ్గించే బటన్, పవర్ బటన్ కలిపి ఇరవై సెకన్లు నొక్కి పట్టుకోండి.

సోల్డర్_అన్న:
ఆగండి, ఛార్జింగ్ పెట్టేముందు ట్యాబ్‌ని టేబుల్ మీద పడుకోబెట్టి చూడండి. ఊగుతోందా, వెనక మూత ఎక్కడైనా లేచిందా? లేచిందంటే బ్యాటరీ ఉబ్బినట్టే, ఇక ఛార్జర్ ముట్టుకోవద్దు, మూత నొక్కి సరిచేయాలని చూడొద్దు, నిప్పంటుకునే ప్రమాదం ఉంది. ఉబ్బకపోతే ఛార్జింగ్ పెట్టి చీకటి గదిలో స్క్రీన్ మీద టార్చ్ ఏటవాలుగా కొట్టండి. బొమ్మ మసకగా కనిపిస్తే ట్యాబ్ బతికే ఉంది, లైటే పోయింది.

ఇంకో ముఖ్యమైన మాట. ఈ కాలం ట్యాబుల్లో డేటా తాళం వేసి ఉంటుంది, ఆ తాళంచెవి అదే బోర్డు మీది ప్రాసెసర్‌కి ముడిపడి ఉంటుంది కాబట్టి స్టోరేజ్ చిప్ పీకి ఇంకో బోర్డుకి వేస్తే పాటలు రావు. అంటే మీ పాత బోర్డునే లేపాలి. షాపుకి వెళ్లగానే "నాకు ట్యాబ్ అక్కర్లేదు, డేటా కావాలి, రీసెట్ కొట్టొద్దు" అని మొదటే చెప్పండి. ఆన్ కాని వాటికి అలవాటుగా రీసెట్ కొట్టేస్తారు చాలామంది, అది కొడితే అంతా తుడిచిపెట్టుకుపోతుంది. స్క్రీన్ లాక్ పిన్ గుర్తుందా?

సిరిసిల్ల_పిల్ల:
పిన్ గుర్తుంది అన్నా. టేబుల్ మీద పెడితే నిజంగానే ఊగుతోంది! మధ్యలో మూత కొద్దిగా లేచింది, మేం చూసుకోనే లేదు. ఛార్జర్ తీసేశాను, రేపు కరీంనగర్ తీసుకెళ్తాను.

సిరిసిల్ల_పిల్ల (నాలుగు రోజుల తర్వాత):
వచ్చాయి!! అక్కడి షాపులో మీరు చెప్పిన మాటే చెప్పాను. బ్యాటరీ మార్చగానే లోగో వచ్చింది. స్క్రీన్ సగం నలుపే, టచ్ అసలు లేదు, ఓటీజీ కేబుల్‌తో మౌస్ పెట్టి పిన్ కొట్టి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకున్నాను, వెంటనే మా బాబాయి ఫోన్‌కి కూడా పంపాను. మొత్తం పద్నాలుగు. కానీ చేయి జారినప్పుడు రికార్డవుతున్న ఆ చివరి పాట ఎందులోనూ ప్లే కావట్లేదు అన్నా.

సోల్డర్_అన్న:
చాలా సంతోషం చెల్లీ. ఆ ఫైల్ డిలీట్ చేయకు. రికార్డింగ్ ఆపినప్పుడే ట్యాబ్ ఆ ఫైల్‌కి సూచిక, అంటే లోపల ఏ ముక్క ఎక్కడుందో చెప్పే పట్టిక, రాసుకుంటుంది, అది రాసుకునేలోపే ఆగిపోయి ఉంటుంది, గొంతు మాత్రం లోపల ఉండొచ్చు. ఫైల్ సైజు ఎంతుంది? సున్నా కాకపోతే అదే ట్యాబ్‌లో బాగా రికార్డయిన ఇంకో పాటను నమూనాగా పెట్టి బాగుచేసే సాఫ్ట్‌వేర్లున్నాయి. ముందు ఇంకో కాపీ తీసి పెట్టుకో, ఏ ప్రయత్నమైనా ఆ కాపీ మీదే చేద్దాం.

సిరిసిల్ల_పిల్ల:
6 ఎంబీ చూపిస్తోంది.