వెళ్ళొస్తాను అనలేని చోట ఏమనాలి?

మిత్రులారా, ఒక్క మాట దగ్గర పది రోజులుగా ఆగిపోయాను. మీ సాయం కావాలి.

ఇంగ్లీషు రచయిత టోల్కీన్ 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' నవలలో పాటలు చాలా ఉన్నాయి. వాటిలో కొన్నింటికి డొనాల్డ్ స్వాన్ అనే బ్రిటిష్ స్వరకర్త బాణీలు కట్టాడు. 1967లో 'ది రోడ్ గోస్ ఎవర్ ఆన్' పేరుతో స్వరాలు పుస్తకంగా అచ్చయ్యాయి, అదే ఏడు రికార్డు వచ్చింది. మొత్తం 7 పాటలు, వాటిలో ఒకటి మాత్రం ఈ నవలలోది కాదు. స్వాన్ పియానో, విలియం ఎల్విన్ గొంతు, అంతకుమించి వాద్యాలేమీ లేవు. ఆ పాటల్ని గిటార్ మీద తెలుగులో పాడుకోవాలని మొదలుపెట్టాను. నాలుగు అయ్యాయి. ఐదోది 'నమారియె'. పాట పేరే ఆ మాట, పాట ముగిసేదీ ఆ మాటతోనే.

ఇది క్వెన్యా మాట. క్వెన్యా ఎల్ఫులు అనే ముసలితనం ఎరుగని జాతికి టోల్కీన్ కల్పించిన భాష. గలాద్రియెల్ అనే వేల ఏళ్ళ ఎల్ఫు దొరసాని, కథానాయకుడు ఫ్రోడో బృందం తన వనం విడిచి ఏటి మీద పడవల్లో వెళ్ళిపోతుంటే ఒడ్డున నిలబడి పాడుతుంది. మళ్ళీ కలుస్తామన్న భరోసా ఆ పాటలో ఎక్కడా లేదు. టోల్కీన్ దానికి ఇంగ్లీషులో ఇచ్చిన అర్థం 'ఫేర్‌వెల్'. విడదీస్తే మాత్రం 'బాగా ఉండు' అని వస్తుంది.

మన దగ్గర ఉన్నవేమిటి? వెళ్ళేవాళ్ళు 'వెళ్ళొస్తాను' అంటారు, తెలంగాణలో 'పోయొస్త'. సాగనంపేవాళ్ళు 'వెళ్ళిరా' అంటారు, కాస్త పెద్దవాళ్ళైతే 'క్షేమంగా వెళ్ళి లాభంగా రా'. తమిళులు, కన్నడిగులు కూడా 'పోయి వస్తాను' అనే అంటారు. అన్నింటిలోనూ రావడం ఉంది. ఆ 'రావడం' మనకు ఎంత గట్టిగా వినిపిస్తుందంటే, చావింటికి పలకరింపుకు వెళ్ళినవాళ్ళు వచ్చేటప్పుడు 'వెళ్ళొస్తాం' అనరు. ఏమీ అనకుండా లేచి వచ్చేస్తారు. మా తాతయ్య పోయినప్పుడు ఇంటికి వచ్చిన వాళ్ళంతా అలా చప్పుడు చేయకుండా లేచి వెళ్ళిపోతుంటే, చిన్నదాన్ని, ఎందుకో అర్థంకాక గుమ్మం దగ్గరే నిలబడిపోయాను. తిరిగి రాని వీడ్కోలుకు మన వాడుకలో మాట లేదు, మౌనమే ఉంది. పాటలో మౌనం ఎలా పాడను?

ఒక సభ్యుడు: 'ఇక సెలవు' సరిపోదా అమ్మా? ఉత్తరాల చివర అదే రాసేవాళ్ళం.

నా జవాబు: నేనూ ముందు అదే రాశానండీ. కానీ సెలవు అడిగేది వెళ్ళేవాళ్ళు. సెలవంటే అనుమతి కదా, 'సెలవు ఇప్పించండి' అంటాం. ఇక్కడ పాడేది ఒడ్డున ఉండిపోయే మనిషి. ఆవిడ నోట 'సెలవు' అంటే ఆవిడే పడవెక్కినట్టుంటుంది.

ఇంకో సభ్యురాలు, తెలుగు పంతులమ్మ: ఆ మాటను గురులఘువులుగా విడదీసి చూడండి. న లఘువు, మా గురువు, రి లఘువు, యె లఘువు. ఇప్పుడు 'సుఖీభవ' చూడండి. సు, ఖీ, భ, వ. అదే వరస, జగణం మీద ఒక లఘువు. అర్థం కూడా 'సుఖంగా ఉండు'. మన పెద్దలు దణ్ణం పెట్టినవాళ్ళను దీవించే మాట అది. ఆవిడ వేల ఏళ్ళ మనిషి అంటున్నారుగా, ఆవిడ నోట ఒదుగుతుంది.

నా జవాబు: మేడమ్, ఇది చదివి లేచి నిలబడ్డాను. నాలుగు అక్షరాలూ ఎక్కడివక్కడే పడ్డాయి. రెండో అక్షరం మీద ఊనిక కూడా కలిసింది! ఇంకొకటి. క్వెన్యాను టోల్కీన్ ఎల్ఫుల లాటిన్ అన్నాడు. కథాకాలానికి అది రోజువారీ మాట కాదు, క్రతువులకూ పాటలకూ మిగిలిన పాత భాష. తెలుగు పాటలో ఉన్నట్టుండి ఒక సంస్కృతం మాట వస్తే మన చెవికి ఎలా తోస్తుందో, మిగతా పాటల నడుమ ఈ పాట అలాగే తోస్తుంది.

మొదటి సభ్యుడు: ఛందస్సు కుదిరింది, ఒప్పుకుంటాను. కానీ 'సుఖీభవ' అనగానే నాకు పౌరాణిక సినిమాలో ఎత్తిన చెయ్యి కనిపిస్తుంది. ఈవిడ వరమిచ్చేటంత ఎత్తులో లేదుగా, దుఃఖంలో ఉంది. మా అమ్మ బస్టాండులో 'చల్లగుండు నాయనా' అనేది. ఆ మాటలో తడి ఉంది.

నా జవాబు: మీరన్నది నిజం. తనకు దక్కదనుకున్న తీరం ఫ్రోడోకైనా దక్కాలని కోరుతుందావిడ. పాట చివర వచ్చే 'నై' అనే మాటకు మొదట 'బహుశా' అన్నట్టు ఇంగ్లీషు ఇచ్చినా, అది కోరికను చెప్పే మాటని టోల్కీనే స్వాన్ పుస్తకంలో వివరించాడు. మన 'గాక' లాంటిదన్నమాట. కాబట్టి అక్కడ 'దొరుకుగాక' అని రాసుకున్నాను.

చివరి రెండు పంక్తుల్లో 'నమారియె' రెండుసార్లు వస్తుంది. మొదటిచోట 'సుఖీభవ', చిట్టచివర 'చల్లగుండు' పెడితే?

పంతులమ్మ: రెండోది ఒక మాత్ర పెరుగుతుంది. బాణీలో ఇముడుతుందా?

నా జవాబు: ఇముడుతుంది మేడమ్. ఈ పాటకు స్వాన్ కట్టిన బాణీ టోల్కీన్‌కు నచ్చలేదు. గ్రెగోరియన్ చర్చి గానం తీరులో తనే కూనిరాగం తీసి వినిపించాడు. స్వాన్ దాన్నే తీసుకున్నాడు. ఆ గానానికి తాళం లెక్క ఉండదు. మన నాటకాల్లో పద్యం పాడినట్టు, మాట ఎంత అడిగితే రాగం అంత సాగుతుంది.

రాత్రి గిటార్ పక్కనపెట్టి ఉత్త గొంతుతో పాడి చూశాను. 'ఖీ' మీద గొంతు నిలిచింది. 'చల్లగుండు' దగ్గరికొచ్చేసరికి 'డు' కిందికి జారి సన్నబడి ఆగిపోయింది. దాన్ని అలాగే వదిలేశాను.